గుడారపు దోమజాలి: చినిగిన చోట మాసిక వేయు విధము

జంషెడ్‌పూరు నగరమునకు పడమటి దిక్కున, ఖర్కాయి నది ఒడ్డున, కద్మా అను పేట కలదు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ 1912లో ఈ నగరమున మొదటిసారిగా ఉక్కు పోసినది. తరువాతి దశాబ్దములలో శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతములనుండి తెలుగువారు కూలికిని కొలువునకును ఇచటికి తరలివచ్చిరి. వారి మనుమలును, మునిమనుమలును నేడు కద్మాలో విరివిగా ఉన్నారు. ఇంటిలో తెలుగే మాటలాడుచు, దోమతెరను మాత్రము ఇరుగుపొరుగు హిందీవారివలె మచ్చర్‌దానీ అనుటయు వారిలో కలదు. ఏ పేరున పిలిచినను దాని పని ఒక్కటే. గాలిని రానిచ్చి దోమను ఆపవలెను. ఆ పనిని మంచముమీది తెర చేసినట్లే గుడారపు గోడకు కుట్టిన జాలియు చేయును. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ రెండవదానిని గూర్చినది.

గుడారము ఈ నగరవాసులకు క్రొత్త వస్తువు కాదు. 1984 మే 23న ఎవరెస్టు శిఖరమునెక్కి, ఆ శిఖరమునెక్కిన భారత స్త్రీలలో ప్రథమురాలైన బచేంద్రీ పాల్ గారు, అదే సంవత్సరము ఇచట నెలకొల్పబడిన టాటా స్టీల్ సాహస సంస్థకు చిరకాలము నేతృత్వము వహించిరి. నాటినుండి కొండలెక్కుట, శిబిరములలో నిద్రించుట ఇచటి బాలబాలికలకు పరిచితములైనవి. వానలు వెనుకబట్టి చలి మొదలగుటతోనే, నగరమునకు చెంతనే ఉన్న దల్మా కొండల వైపునకును, డిమ్నా చెరువు గట్టునకును, చాండిల్ జలాశయము వద్దకును వనభోజనములకు పోవువారు బయలుదేరుదురు. కొందరు అనుమతి ఉన్న చోట గుడారము వేసికొని ఒక రాత్రి గడిపి వత్తురు. దల్మా ఏనుగుల అభయారణ్యము గనుక అటవీశాఖవారు చూపిన చోటనే ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఏనుగును గూర్చి జాగ్రత్తపడువారు దోమను గూర్చి అంతగా తలపరు. ఏనుగు దూరమునుండియే కనబడును గదా!

ఈ కొండల పాదములందు సన్నగా పారు సెలయేళ్లు అనేకములు. అట్టి మెల్లని ప్రవాహముల అంచులలో గడ్డి నీడను గ్రుడ్లు పెట్టు అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను దోమ జార్ఖండ్, ఒడిశా కొండ ప్రాంతములలో మలేరియాను వ్యాపింపజేయువానిలో ముఖ్యమైనది. ఇది రాత్రివేళ కుట్టును. చలికాలము వచ్చినదని మానుకొనదు. జంషెడ్‌పూరునకు నైరృతి దిశయందున్న పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా, అందలి సారండా అడవులు, మలేరియాకు పేరు పడిన ప్రదేశములు. నగరములో సంవత్సరమంతయు జ్వరమెరుగని వ్యక్తి ఒక్క రాత్రి అడవి అంచున చినిగిన జాలి క్రింద పండుకొనుటచే ప్రాణాపాయకరమైన ఫాల్సిపేరమ్ మలేరియాను తెచ్చుకొనవచ్చును. గుడారము వేసినవారు తరచుగా రాత్రి నాలుగు దోమలు కుట్టినవని నవ్వుకొందురే గాని, ఆ నాలుగు ఎచ్చటినుండి లోనికి వచ్చినవో మరునాడు వెదకరు.

జాలి ఎంత పని చేయగలదో నిరూపించుటకు ఒక పాత ప్రయోగమును చెప్పవలెను. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. దానికి కొలది దినములకు ముందు ఆయన హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుని దోమతెరలో పరుండబెట్టి, తెర లోపలనే దోమలను విడిచి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున చెల్లించెను. దోమను బయట నిలుపుటకు పుట్టిన తెర ఆ దినమున దోమను లోపల నిలుపుటకు ఉపయోగపడినది. మూడు సంవత్సరములు గడచిన పిమ్మట, 1900లో, ఇటలీలో రోము నగరమునకు సమీపముననున్న చిత్తడి నేలలో సాంబన్, లో అను ఇరువురు వైద్యులు తలుపులకును కిటికీలకును తీగజాలి బిగించిన ఒక చిన్న కుటీరములో జూలై మొదలు అక్టోబరు వరకు నివసించిరి. క్వినైను ముట్టలేదు. పగలు యథేచ్ఛగా తిరిగి, ప్రొద్దు క్రుంకకమునుపే లోనికి వచ్చి తలుపు వేసికొనెడివారు. చుట్టుపట్ల గ్రామస్థులు జ్వరముతో మంచము పట్టినను వారికి జ్వరము రాలేదు. వారు చేసినది ఇంతే: జాలిలో కన్నము లేకుండ చూచుకొనుట, వేళకు తలుపు మూయుట.

మన దేశమున మలేరియా నియంత్రణ కార్యక్రమము 1953లో ఆరంభమై, 1958లో నిర్మూలన కార్యక్రమముగా మారి, బహుదూరము జయించి, 1976 నాటికి మరల 64 లక్షలకు పైగా రోగులను చూచినది. నేడు 2030 నాటికి ఈ వ్యాధిని దేశమునుండి తొలగింపవలెనని ప్రభుత్వ సంకల్పము. పెద్ద లెక్కలు పెద్ద కార్యాలయములకు చెందినవి. మన చేతిలోనున్నది సూదియు దారమును.

ఇక జాలి సంగతి. దోమతెరకు సాధారణముగా నిర్ణయింపబడిన కొలత చదరపు అంగుళమునకు 156 కన్నులు. అనగా సెంటీమీటరు పొడవున దాదాపు ఐదు కన్నులు. ఒక్కొక్క కన్ను మిల్లీమీటరున్నర లోపుగా ఉండుటచే దోమ దూరజాలదు. గుడారములకు వాడు జాలి తరచుగా ఇంతకంటె సన్నని కన్నులు కలది. ఏలయన, దోమకంటె చిన్నవైన ఇసుక ఈగలు సాధారణమైన దోమతెర కన్నులలోనుండి దూరగలవు. జార్ఖండ్‌లో దుమ్కా, గొడ్డా, పాకూరు, సాహిబ్‌గంజ్ జిల్లాలలో కాలా అజార్ అను వ్యాధిని వ్యాపింపజేసినవి ఈ ఇసుక ఈగలే. కద్మాకు ఆ జిల్లాలు దూరమైనను, గుడారము వెంట తీసికొనిపోవు వస్తువు గనుక ఎప్పుడు ఎచ్చట వేయబడునో చెప్పజాలము. కావున మాసికకు తెచ్చు గుడ్డ గుడారపు జాలితో సమానమైన సన్నదనము కలదై ఉండవలెను. సాక్చీ బజారులో గజములెక్కన దొరకు మంచపు దోమతెర గుడ్డ మంచపు తెరకు మిక్కిలి తగినది. సన్నజాలి గుడారమునకు అంత తగినది కాదు. అనేక గుడారములతో చిన్న సంచిలో అదే జాలి ముక్క యొకటి ఇచ్చుట కలదు. దానిని పారవేయక దాచుకొనుట మేలు.

కన్నము వెదకుట మొదటి పని. పగటి వెలుతురులో పైపైన చూచినచో సగము తప్పిపోవును. రాత్రి గుడారము వేసి, లోపల ఒకరు టార్చిలైటు పట్టుకొని జాలి వెంబడి మెల్లగా జరుపుచుండ, వెలుపల మరియొకరు నిలిచి చూడవలెను. చినిగిన చోట వెలుగు చెదరక సూటిగా బయటికి వచ్చును. అచ్చట రంగు దారపు ముక్క కట్టి గుర్తు పెట్టుకొని, మరునాడు ఉదయము తీరికగా పని చేయవచ్చును. ముఖ్యముగా చూడవలసినవి గుడారపు కప్పు, జిప్పు అంచు, నేలపట్టాతో జాలి కలియు కుట్టు. మంచపు తెరలపై పరిశీలన చేసిన శాస్త్రజ్ఞులు, ఆడదోమలు నిద్రించు మనిషికి పైభాగమున, అనగా తెరకప్పు మీదనే, అధికముగా ఎగురుచుండునని వీడియో చిత్రముల సాయమున గ్రహించిరి. వేడియు, ఊపిరియు పైకి లేచుటయే కారణమని భావింపబడుచున్నది. మరి చినుగులు ఎక్కువగా పడునది ఎచ్చట? క్రింది భాగమున, కాళ్లును సామానును తగులు చోట. అందరి కన్ను క్రింది చినుగుమీదనే పడుటయు, కప్పునందలి చిన్నకన్నము ఏండ్ల తరబడి ఉండిపోవుటయు ఇందువలననే. ముందు కప్పును బాగుచేసి పిదప గోడలకు రావలెను.

చిన్న కన్నము, అనగా బొటనవ్రేలు దూరునంతటిది, మాసిక లేకయే సూదితో పూడ్చవచ్చును. దారము పాలిస్టరుది కావలెను. నూలుదారము తడికి కుళ్లును, ఎండకు పుటుక్కున తెగును. సూది సన్ననిది కావలెను. లావు సూది తానే క్రొత్త కన్నము చేసిపెట్టును. కన్నము చుట్టు చిరగని కన్నుల వరుసనుండి ఆరంభించి, అడ్డముగ దారములు పరచి, పిదప నిలువుగ ఒకటి విడిచి ఒకటి దూర్చుచు అల్లవలెను. శాలువలకు రఫూ చేయువారు చేయునది ఇదియే. శ్రీకాకుళము తీరమునుండి వచ్చిన కుటుంబములలో వలలు బాగుచేయుట చూచిన పెద్దలున్నచో వారినడిగి నేర్చుకొనుట ఏ పుస్తకముకన్నను సులభము. వారు మొదట చేయునది చినుగు అంచులను శుభ్రముగా కత్తిరించుట. వ్రేలాడుచున్న పోగులపై కుట్టిన కుట్టు నిలువదు.

నిలువుగ పడిన పొడవు చినుగును మరియొక విధముగ కుట్టవలెను. జిప్పులో జాలి చిక్కుకొనినప్పుడు బలముగ లాగుటచే ఈ చినుగు కలుగును. ముల్లుకంప తగిలినను, పెంపుడు కుక్క గోరు తగిలినను ఇంతే. రెండంచులను ఒకదాని కొకటి ఆనించి పట్టి, చినుగు మొదలునకు అర అంగుళము ముందుగా, చిరగని భాగమున ముడి వేసి ఆరంభింపవలెను. సూదిని ఒక అంచుమీదుగా చుట్టి రెండవ అంచులో తీయుచు, కుట్టునకు కుట్టునకు నడుమ రెండు మిల్లీమీటర్లకు మించకుండ కుట్టుకొనిపోయి, చినుగు చివర దాటి మరల అర అంగుళము సాగి ముగింపవలెను. చివరతోనే ఆపినచో గుడారము బిగించిన మొదటినాడే చినుగు అక్కడనుండి ముందునకు సాగును. కుట్లు మరీ బిగించుటయు కూడదు. మంచపు తెర వదులుగా వ్రేలాడును గాని గుడారపు జాలి కర్రల బిగువునకు సాగియుండును. బిగించి కుట్టిన చోట ముడుతలు పడి ప్రక్కనున్న కన్నులు తెగును. చినుగు జానెడు దాటినచో కుట్టు ఒక్కటియే చాలదు, పైన మాసికయు కావలెను.

పిడికిలి దూరునంత కన్నమునకు మాసికయే శరణ్యము. కన్నముకంటె అన్ని వైపుల అంగుళము చొప్పున ఎక్కువగా మాసికను కత్తిరింపవలెను. దాని మూలలను గుండ్రముగ చేయవలెను. చదరపు మాసిక మూల మొదట లేచును, లేచిన మూల గుడ్డకు తగిలి మిగిలినదంతయు ఊడును. మాసికయందలి కన్నుల వరుస గుడారపు జాలి వరుసతో సమముగ నుండునట్లు పెట్టినచో రెండును ఒకే తీరున సాగును. గుండుసూదులతో నిలిపి, మాసిక అంచు వెంబడి ఒక చుట్టు, కన్నపు అంచు వెంబడి లోపలి ప్రక్క మరియొక చుట్టు కుట్టవలెను. చాలమంది మొదటి చుట్టుతో తృప్తిపడుదురు. అప్పుడు పాత కన్నపు అంచు వదులుగా ఉండి, క్రమముగా సాగి, మాసికకు వెలుపల తేలును.

కుట్టు రానివారికి బజారులో జిగురు మాసికలు కలవు. ఇవి అతికింపకముందు జాలిని స్పిరిటుతో తుడిచి ఆరనీయవలెను. ధూళియు, చెమట జిడ్డును ఉన్నచో ఏ జిగురును పట్టదు. లోపల ఒకటి, వెలుపల ఒకటి పెట్టి, రెండింటిని వ్రేళ్లతో గట్టిగా నొక్కవలెను. కన్నులగుండా రెండు జిగురులును కలిసికొనును. ద్రవరూపమైన జిగురు వాడినచో సాగు స్వభావము కల సిలికోనుది వాడి, క్రింద ప్లాస్టిక్ కాగితము పరచి, ఒక పగలు ఒక రాత్రి కదపక ఉంచవలెను. క్షణములో అంటుకొను జిగురు ఇచట పనికిరాదు. అది గాజువలె బిరుసెక్కి, గుడారము మడచినప్పుడు విరుగును. ఇస్త్రీపెట్టెతో మాసిక అతుకుట మరింత ప్రమాదకరము. నూలు బట్టలకు వాడు వేడికి నైలాను మెత్తబడును, పాలిఎథిలీను అంతకు చాల ముందే కరగి ముద్దయగును.

శిబిరమున రాత్రివేళ చినుగు కనబడినచో సూదికై వెదకు పని లేదు. మందుల పెట్టెలోని ప్లాస్టరును రెండు వైపుల ఎదురెదురుగ అంటించిన ఆ రాత్రి గడచును. చిన్న కన్నమైనచో చుట్టునున్న జాలిని కొంచెము ముడిచి దారముతో బిగించి కట్టినను సరిపోవును. జిప్పుల రెండు కొనలు కలియు మూలలో మిగులు సందును చేతిరుమాలుతో పూడ్చవలెను. చినుగు లేని గుడారములో కూడ దోమలు వచ్చుటకు ఇది ఒక దారి. జిప్పు బిగిసి కదలనిచో కొవ్వొత్తి మైనమును పండ్లమీద రుద్దవలెను. జాలి జిప్పులో పడినప్పుడు జిప్పును గాక జాలిని మెల్లగా ప్రక్కకు తీయవలెను.

ఇక మంచపు తెరలకు సంబంధించినది కొంత. ప్రభుత్వము మలేరియా గ్రామములలో పంచిపెట్టు దీర్ఘకాల క్రిమిసంహారక తెరలు ఇరువది ఉతుకుల వరకును, దాదాపు మూడు సంవత్సరముల వరకును మందు బలము నిలుపుకొనునట్లు తయారుచేయబడినవి. మందు ఉన్నది గదా యని చినుగును ఉపేక్షింపరాదు. ఇట్టి తెరను చల్లని నీటిలో సున్నితమైన సబ్బుతో ఉతికి నీడను ఆరవేయవలెను. ఎండ మందును హరించును. ఉతికిన నీటిని చెరువులో గాని ఖర్కాయిలో గాని పోయరాదు, ఆ మందు చేపలకు విషము. తెరను చేపలు పట్టుటకు వాడుట కూడనిదనుటకును ఇదియే కారణము.

బాగుచేయుటకు వీలైనదేది, పారవేయవలసినదేది అను ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచపు తెరల కొరకు 2013లో ఒక లెక్క చెప్పినది. బొటనవ్రేలు పట్టు కన్నమునకు 1, పిడికిలి పట్టుదానికి 23, తల పట్టుదానికి 196, అంతకు మించినదానికి 576 చొప్పున కూడవలెను. మొత్తము 64 లోపున్నచో తెర బాగున్నట్లు. 642 వరకు వాడుకొనదగినది. 643 మొదలు మార్చవలసినది. రెండు పిడికిలి కన్నములు, ఐదు బొటనవ్రేలి కన్నములు ఉన్న తెరకు 51 వచ్చును. తల దూరునట్టివి నాలుగున్నచో 784 వచ్చును, దానిని విడిచిపెట్టవలసినదే. లెక్క మంచిదే గాని, అర సెంటీమీటరుకన్న చిన్న కన్నము ఇందులో చేరదు. దోమకు ఈ లెక్క తెలియదు గనుక అట్టిదానిగుండ కూడ నిరభ్యంతరముగ వచ్చును. గుడారములో మనుష్యులు గోడలకు ఆనుకొని పండుకొందురు, స్థలము ఇరుకు; కాబట్టి గుడారము విషయమున ఇంకను కఠినముగా ఉండుట మంచిదని నా అభిప్రాయము.

చినుగులు పడకుండుటకు కొన్ని అలవాట్లు చాలును. గుడారములో తినుబండారములుంచినచో ఎలుకలు జాలిని కొరికి దారి చేసికొనును. పొయ్యి, బీడీ, దీపము జాలికి దూరముగ నుండవలెను. ఒక్క నిప్పురవ్వ వేయు కన్నపు అంచు గట్టిపడి సూదికి లొంగదు, చుట్టు కత్తిరించి మాసిక వేయవలసినదే. గుడారమును తడిగా మడచి అటకపై వేయరాదు. వానకాలమున ఖర్కాయి పొంగి కద్మా పల్లపు బస్తీలలోనికి నీరు చేరినప్పుడు సామానుతోపాటు తడిసిన గుడారములను, తెరలను మంచినీటితో కడిగి పూర్తిగా ఆరిన పిమ్మటనే దాచవలెను. నీరు తీసిన తరువాత గుంటలలోను, పాత టైర్లలోను, తొట్లలోను నిలిచిన నీటిని పారబోయుట మరువరాదు. అట్టి నీట పుట్టు ఈడిస్ దోమ పగటివేళ కుట్టి డెంగీని తెచ్చును. పగలు నిద్రించు పసిబిడ్డలకు తెర కట్టవలసినది అందుకే.

శిబిరమునుండి తిరిగివచ్చినవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. మలేరియా జ్వరము కుట్టిన మరునాడే రాదు. సాధారణముగ ఏడు దినములు మొదలు నెల దినములలోపున వచ్చును, వైవాక్స్ రకమైనచో నెలల తరువాతను రావచ్చును. అప్పటికి దల్మా రాత్రియు, జాలిలోని కన్నమును మరపునకు వచ్చియుండును. చలి, వణుకు, జ్వరము, తలనొప్పి కలిగినచో సొంత వైద్యము చేసికొనక, ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను. పరీక్షయు, మందును అచ్చట ఉచితము. పరీక్ష ఫలము అరగంటలోపుననే తెలియును. వైద్యునితో, ఎన్ని దినములక్రితము, ఏ అడవి చెంత, ఎన్ని రాత్రులు పండుకొంటిరో చెప్పవలెను. ఆ ఒక్క మాట వినని వైద్యుడు నగరపు జ్వరమే అని తలచి వేరొక దారిని పోవచ్చును. ఇచ్చిన మందులను జ్వరము తగ్గినదని మధ్యలో మానక, చెప్పిన దినములన్నియు వాడవలెను. అంతవరకు, రోగి చుట్టు కట్టిన తెరలో సైతము కన్నములుండరాదు; రోగిని కుట్టిన దోమయే ఇంటిలో మరియొకరికి జ్వరమును చేర్చును.